భుజం మీద తల వాల్చిన తరువాత

(జాతీయ క్రీడా దినోత్సవం నాడు తిరుపతిలోని ఒక మహిళా కళాశాలలో, పదవీ విరమణ చేసిన ఫిజికల్ డైరెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం. పునరుక్తులు మాత్రం తగ్గించాం.)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు నమస్కారం. చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి, శ్రీకాళహస్తి నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చి, పొద్దున రెండేసి మ్యాచ్‌లు ఆడి, ఇప్పుడు ఓపిగ్గా కూర్చున్న అమ్మాయిలందరికీ ఇంకొక నమస్కారం. ముప్పై ఏళ్ళకు పైగా మైదానంలో ఈల ఊదుతూ గడిపినదాన్ని. అలసిన కాళ్ళను చూస్తే గుర్తుపడతాను. బూట్లు విప్పేసి హాయిగా కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆగస్టు 29 మేజర్ ధ్యాన్‌చంద్ పుట్టిన రోజు. ఈ రోజు హాకీ గురించి మాట్లాడడం ఆనవాయితీ. కానీ నన్ను పిలవడానికి వచ్చిన అధ్యాపకురాలు, మీకు బాగా నచ్చిన క్రీడాకారిణి గురించి చెప్పండి మేడం, అన్నారు. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళుగా నా మనసులో ఉన్న ఒక మనిషిని మీ ముందుకు తీసుకొచ్చాను. సానియా మీర్జా గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. ఆమె దగ్గరికీ వస్తాను, కానీ ఒక్క మ్యాచ్ కోసం. ఆమె కథ మీకు నాకంటే బాగా తెలుసు.

టెన్నిస్ క్రీడాకారిణి యానా నొవోత్నా. ఈ పేరు విన్నవాళ్ళు చేతులెత్తండి. ఇద్దరు. సరే. మన పత్రికలు ఆ రోజుల్లో ‘జానా’ అని రాసేవి. చెక్ భాషలో ఆ ‘J’ అక్షరాన్ని ‘య’ అని పలుకుతారు. 1968లో బ్ర్నో నగరంలో పుట్టింది. అప్పుడది చెకోస్లొవేకియా, ఇప్పుడు చెక్ రిపబ్లిక్. ఆటలో ఉన్నంతకాలం సింగిల్స్‌లో 24 టైటిళ్ళు, డబుల్స్‌లో 76 టైటిళ్ళు గెలిచింది. రెండూ కలిపితే సరిగ్గా వంద. సింగిల్స్ ర్యాంకుల్లో రెండో స్థానం దాకా వెళ్ళింది. ఇంత గెలిచిన మనిషిని లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఓడిపోయిన ఒక సాయంత్రంతో. ఆ సాయంత్రం నేను టీవీ ముందు ఉన్నాను. అక్కడి నుంచి మొదలుపెడతాను.

1993 జులై 3, శనివారం. కొర్లగుంటలో మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు. పెద్దమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. పూజ ముగించుకుని, పళ్ళెంలో రెండు అరటిపళ్ళు పెట్టుకుని, నా పక్కన వచ్చి కూర్చుంది. ఆవిడకు టెన్నిస్ అంటే ఏమీ తెలియదు. నాకు తెలుసు కదా, నేను చెబుతూ ఉంటే వింటోంది. వింబుల్డన్ మహిళల ఫైనల్. ఒకవైపు స్టెఫీ గ్రాఫ్, అప్పటికే అక్కడ నాలుగుసార్లు గెలిచిన మనిషి. మరోవైపు యానా, సెమీఫైనల్లో మార్టినా నవ్రతిలోవాను ఓడించి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్లో హాంబర్గ్‌లో అప్పటి ప్రపంచ నంబర్ వన్ మోనికా సెలెస్‌ను కోర్టులోనే ఒకడు కత్తితో పొడిచాడు. ఆ అమ్మాయి లేని వింబుల్డన్ అది. ఆ వెలితి అందరికీ తెలుస్తూనే ఉంది.

యానా ఆట ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. ఆ కాలానికే మహిళల టెన్నిస్ కోర్టు వెనక గీత, అంటే బేస్‌లైన్ దగ్గర స్థిరపడిపోయింది. వెనక నిలబడి, బలంగా కొట్టి, ఎదుటివాళ్ళు తప్పు చేసేదాకా కొడుతూ ఉండడం. యానా అలా కాదు. సర్వీసు చేస్తూనే నెట్ వైపు పరుగు. ఎదుటివాళ్ళు సర్వీసు చేసినా, బ్యాక్‌హ్యాండ్‌తో బంతిని కోసినట్లు తక్కువ ఎత్తులో పంపి, మళ్ళీ నెట్ వైపే పరుగు. పచ్చిక మీద కోసిన బంతి లేవదు, పాదాల దగ్గర జారుతుంది. ఎదుటివాళ్ళు వంగి, ఎత్తి కొట్టక తప్పదు. ఎత్తి కొట్టిన బంతిని ఈమె నెట్ దగ్గర గాల్లోనే అందుకుని కోర్టు మూలకు నెట్టేస్తుంది. చూడడానికి ఎంతో అందమైన ఆట. కానీ ధైర్యం చాలా కావాలి. వెనక నిలబడితే ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది, నెట్ దగ్గర ఉండదు. తప్పు చేస్తే దాచుకోవడానికీ ఏమీ ఉండదు.

మొదటి సెట్ 6-6 దగ్గర సమమై, దాన్ని తేల్చే టై బ్రేక్‌లో పోయింది. రెండో సెట్ 6-1తో యానా గెలిచింది. గ్రాఫ్ అంతటి మనిషికి ఎటు కదలాలో తోచలేదు. మూడో సెట్‌లో యానా 4-1 ఆధిక్యంలో ఉంది. ఆమెదే సర్వీసు, 40-30. ఇంకొక్క పాయింటు వస్తే 5-1. ఆ తరువాత ఇంకొక్క గేమ్ గెలిస్తే ఆరు, సెట్టూ టైటిలూ ఆమెవే.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. గాలిగోపురం చేరేసరికి ఊపిరి అందదు, కానీ అక్కడ నిలబడి కిందికి చూస్తే ఊరంతా కనిపిస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు కొండ ఎక్కేశాం అనుకుంటారు. ఆ తరువాత దారి కూడా చాలాదూరం చదునుగానే ఉంటుంది. జింకలను చూసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. అప్పుడు వస్తుంది మోకాళ్ళ పర్వతం. నిలువుగా మెట్లు. కాళ్ళలో శక్తి అయిపోయాక, మనసు అప్పటికే కొండ మీదికి వెళ్ళిపోయాక వస్తుంది. అందుకే అంత కష్టం. అదే మెట్లు అలిపిరి పాదాల దగ్గర ఉండి ఉంటే ఎవరికీ ఆ పేరు పెట్టాలని తోచేది కాదేమో.

యానా 4-1 దగ్గర గాలిగోపురం దాటింది. మొదటి సర్వీసు తప్పింది. రెండో సర్వీసు గీత దాటిపోయింది. రెండు సర్వీసులూ తప్పితే డబుల్ ఫాల్ట్, పాయింటు ఎదుటివాళ్ళది. 40-40. తరువాత అందాల్సిన వాలీ, అంటే బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బ, తప్పింది, తల మీద నుంచి కొట్టాల్సిన స్మాష్ నెట్‌కు తగిలింది. గేమ్ పోయింది. తన తరువాతి సర్వీసు గేమ్‌లో ఏకంగా మూడు డబుల్ ఫాల్ట్‌లు. 4-1 కాస్తా 4-4 అయింది, అక్కడి నుంచి 4-6. వరసగా ఐదు గేములు. పెద్దమ్మ అడిగింది, ఈ అమ్మాయే కదా ఇందాకటి దాకా గెలుస్తోంది, ఏమైంది, అని. నేను జవాబు చెప్పలేకపోయాను. తెలియక కాదు.

ఆ ఏడాదే, వేసవికి ముందు, కళాశాలల మధ్య జరిగిన పోటీల్లో నేనూ ఫైనల్ ఆడాను. ఎర్రమట్టి కోర్టు, రోలర్ లాగి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసిన కోర్టు. మూడో సెట్‌లో 5-2 మీద ఉండి 7-5తో ఓడిపోయాను. ఆ రోజు నా చెయ్యి నాది కాకుండా పోయింది. బంతి పైకి ఎగరేస్తే అది ఎటో వెళ్ళేది. వేళ్ళు రాకెట్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, మ్యాచ్ అయ్యాక విప్పుకోవడానికి కూడా నొప్పి. మ్యాచ్ అయ్యాక నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. మాతో వచ్చిన పెద్దలు ఒకరు అక్కడికి వచ్చి ఒకే మాట అన్నారు. ‘ముఖం కడుక్కుని రా. నలుగురూ చూస్తున్నారు.’

కడుక్కుని వెళ్ళాను. బహుమతి అందుకుంటూ నవ్వాను కూడా. ఆ నవ్వు ఉన్న ఫోటో ఇంట్లో ఉంది. ఇప్పటికీ దాన్ని చూడబుద్ధి కాదు.

అందుకే ఆ శనివారం సాయంత్రం తరువాత జరిగింది నాకు అంత ముఖ్యమైంది. బహుమతులు ఇవ్వడానికి రాజకుటుంబం నుంచి కెంట్ డచెస్ కాథరిన్ వచ్చింది. తెల్లబట్టల్లో యానా, చేతికి రన్నరప్ పళ్ళెం అందింది. డచెస్ ఏదో ధైర్యం చెబుతోంది. యానా నవ్వాలనే చూసింది. పెదవులు కదిలాయి, ఆగలేదు. ముఖమంతా ముడుచుకుపోయింది. తల వంచి ఆవిడ భుజం మీద పెట్టి ఏడ్చేసింది. డచెస్ వెనక్కి జరగలేదు. చెయ్యి చుట్టూ వేసి దగ్గరికి తీసుకుంది. ప్రపంచమంతా చూస్తోంది, నలుగురు కాదు, కోట్లమంది. ఎవరూ ముఖం కడుక్కుని రమ్మనలేదు.

పెద్దమ్మ అరటిపండు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ‘ఆ తల్లి ఎవరో గానీ మంచి పని చేసింది. పిల్లను దగ్గరికి తీసుకుంది’ అంది. ఆ తరువాత నేను ఏడుస్తున్నానని చూసి, ఏమీ అడగకుండా, తన చీర కొంగు నా చేతికి ఇచ్చింది.

ఇప్పుడు ఒక సంగతి ఆలోచిద్దాం. మీలో కబడ్డీ ఆడేవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు, కాబట్టి తేలిగ్గా అర్థమవుతుంది. కబడ్డీలో మీరు ఎనిమిది పాయింట్ల ఆధిక్యంలో ఉంటే, చివరి రెండు నిమిషాలు ఏమి చేస్తారు? కూతకు వెళ్ళి, గీత తొక్కి, ఎవరినీ తాకకుండా సమయం గడిపి వచ్చేస్తారు. గడియారం మీ పక్షాన ఉంటుంది. ఫుట్‌బాల్‌లో బంతిని వెనక్కి వెనక్కి పంపుకోవచ్చు. టెన్నిస్‌లో గడియారం లేదు. ఎంత ఆధిక్యం ఉన్నా చివరి పాయింటు మీరే గెలవాలి. అది మీ చేత్తోనే రావాలి. ఆ చివరి పాయింటు పూర్తయ్యేదాకా, ఎదుటి మనిషి ఎంత వెనకబడి ఉన్నా, తిరిగి రావడానికి దారి తెరిచే ఉంటుంది. ఈ నియమం పెట్టిన వాళ్ళు ఏమి ఆలోచించి పెట్టారో గానీ, ఆధిక్యంలో ఉన్నవాళ్ళకు ఇంత కఠినమైన ఆట మరొకటి నేను చూడలేదు. పైగా అప్పట్లో మ్యాచ్ మధ్యలో కోచ్ నోరు విప్పకూడదు. యానా కోచ్ హనా మండ్లికోవా స్టాండ్‌లో కూర్చుని ఉంది. ఆమె కూడా చూడడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

ఇక ఆ రెండో సర్వీసు. మీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మేడం మీకు రోజూ చెప్పే మాటే ఇది, ఇంకొకసారి నా నోట వినండి. మొదటి సర్వీసు తప్పితే రెండోది జాగ్రత్తగా చెయ్యాలి అనుకుంటాం. జాగ్రత్త అనగానే చెయ్యి నెమ్మదిస్తుంది. అక్కడే పొరపాటు. రెండో సర్వీసు నెట్ మీద నుంచి ఎత్తుగా వెళ్ళాలి, అయినా గీత లోపల దిగాలి. ఎత్తుగా వెళ్ళిన బంతి కిందికి వంగాలంటే అది ముందుకు గిర్రున తిరుగుతూ ఉండాలి. ఆ తిరుగుడే బంతిని కిందికి లాగుతుంది. ఆ తిరుగుడు రావాలంటే రాకెట్ మొదటి సర్వీసుకు ఎంత వేగంగా కదిలిందో ఇప్పుడూ అంత వేగంగానే కదలాలి. భయపడిన చెయ్యి బిగుసుకుంటుంది, మణికట్టు వదులుగా ఉండదు, రాకెట్ నెమ్మదిగా వస్తుంది, బంతి తిరగదు, వంగదు, గీత దాటిపోతుంది. చూసేవాళ్ళకు ఆమె గట్టిగా కొట్టి తప్పు చేసిందని అనిపిస్తుంది. నిజానికి ధైర్యంగా కొట్టలేక తప్పింది. ఇది మనసు బలహీనత అనే ఒక్క మాటతో తేల్చేసే విషయం కాదు. కండరాల్లో జరిగే పని. అందుకే సాధనతో కొంత సరిదిద్దుకోవచ్చు. పూర్తిగా కాదు.

ఆ తరువాత పత్రికలు ఆమెకు ఒక పేరు పెట్టాయి. ‘చోకర్’, గొంతు దగ్గర ఊపిరి ఆగిపోయే మనిషి అని అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట. 1995లో ఆ పేరు ఇంకా గట్టిగా అతుక్కుంది. ఫ్రెంచ్ ఓపెన్ మూడో రౌండులో అమెరికా అమ్మాయి చాందా రూబిన్‌తో మూడో సెట్‌లో 5-0, 40-0 ఆధిక్యంలో ఉండి ఓడిపోయింది. తొమ్మిది మ్యాచ్ పాయింట్లు, అంటే ఒక్క పాయింటుతో మ్యాచ్ ముగిసే అవకాశాలు, చేజారాయి. ఇది విన్నప్పుడు నాకు కూడా, ఇక ఈమె కథ ముగిసింది, అనిపించింది. నిజమే చెబుతున్నాను. ఆమెను అంతగా అభిమానించినదాన్ని, నేనే ఆశ వదులుకున్నాను.

ఆమె మాత్రం ఏమి చేసింది? ఇది నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి. నెట్ వైపు పరుగెత్తడం మానలేదు. ఆలోచించండి. ఓడిపోయిన ప్రతిసారీ నిపుణులు, పత్రికలు, చుట్టూ ఉన్నవాళ్ళు, ఈ ఆట మార్చుకో, వెనక నిలబడి సురక్షితంగా ఆడు, అనే పరిస్థితి. అది తప్పుడు సలహా కూడా కాదు, ఆ కాలంలో అందరూ అలాగే గెలుస్తున్నారు. ఆమె వాలీ తప్పింది నిజం. తప్పిన వాలీకి మందు ఇంకొక వాలీ అనుకుంది. రాకెట్ పట్టినవాళ్ళకు తెలుస్తుంది ఈ నిర్ణయం బరువు ఎంతో.

మధ్యలో ఆమె డబుల్స్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మనవాళ్ళకు డబుల్స్ అంటే రెండో రకం ఆట అని ఒక చిన్నచూపు ఉంది. సానియా ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు కూడా, డబుల్స్‌లోనే కదా, అన్నవాళ్ళను ఈ ఊళ్ళోనే విన్నాను. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. యానా మహిళల డబుల్స్‌లో 12 గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచింది. గ్రాండ్‌స్లామ్ అంటే ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ అనే నాలుగు పెద్ద పోటీలు. 1990లో హెలెనా సుకోవాతో కలిసి ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్ మూడూ. మిక్స్‌డ్ డబుల్స్‌లో మరో నాలుగు. 1988లో, 1996లో సుకోవాతోనే ఒలింపిక్ రజతాలు. 1996లో అట్లాంటాలో సింగిల్స్ కాంస్యం కూడా ఉంది. డబుల్స్‌లో అదే చెయ్యి ఎందుకు బిగుసుకోలేదు? నాకు తోచింది చెబుతాను. పక్కన ఒక మనిషి ఉంది. పాయింటుకూ పాయింటుకూ మధ్య దగ్గరికి వచ్చి, చెవిలో ఏదో ఒకటి చెప్పే మనిషి. ఏమి చెప్పిందన్నది పెద్ద విషయం కాదు.

1997. మళ్ళీ వింబుల్డన్ ఫైనల్. ఎదురుగా పదహారేళ్ళ మార్టినా హింగిస్. యానా మొదటి సెట్ 6-2తో గెలిచింది. తరువాత పొట్ట కండరాల నొప్పి, తరువాతి రెండు సెట్లూ 6-3, 6-3తో హింగిస్‌వి. మళ్ళీ అదే డచెస్, మళ్ళీ చిన్న పళ్ళెం. మూడోసారి నీకు కలిసివస్తుందని డచెస్ ఆమెకు ధైర్యం చెప్పింది. అదే ఏడాది చివర్లో న్యూయార్క్‌లో జరిగిన టూర్ ముగింపు పోటీలో మేరీ పియర్స్‌ను వరస సెట్లలో ఓడించి టైటిల్ గెలిచింది. మూడు సెట్లు గెలవాల్సిన ఫైనల్ అది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేను మాత్రం అక్కడే ఏదో మారిందని అనుకుంటాను.

1998. క్వార్టర్ ఫైనల్లో వీనస్ విలియమ్స్, సెమీఫైనల్లో హింగిస్. ఇద్దరినీ వరస సెట్లలో దాటింది. ఫైనల్లో ఫ్రాన్స్ క్రీడాకారిణి నథాలీ తౌజియా. ఆమెదీ నెట్ దగ్గరి ఆటే. ఆమెకు అప్పటికే ముప్పై నిండాయి, యానాకు దగ్గరపడుతున్నాయి. స్కోరు 6-4, 7-6. టై బ్రేక్‌లో 7-2. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి కొన్నేళ్ళు అయింది. ఆ సాయంత్రం టై బ్రేక్ జరుగుతుంటే కూర్చోలేక గదిలో తిరుగుతూనే ఉన్నాను. మ్యాచ్ పాయింటు కూడా తలుపు దగ్గర నిలబడి, సగం కళ్ళు మూసుకుని చూశాను. బంతి పడింది. అయిపోయింది. డచెస్ ఈసారి పెద్ద పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఓపెన్ శకంలో, అంటే 1968లో వృత్తి క్రీడాకారులకూ పోటీలు తెరిచినప్పటి నుంచి, తొలి సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ గెలిచిన మహిళల్లో అప్పటికి అందరికన్నా పెద్ద వయసు ఆమెదే, ఇరవై తొమ్మిదేళ్ళ తొమ్మిది నెలలు. ఆ వింబుల్డన్‌లోనే డబుల్స్ కూడా గెలిచింది. జోడీ ఎవరనుకుంటున్నారు? హింగిస్. అంతకు ముందు ఏడాది తనను ఓడించిన అమ్మాయి.

ఆ హింగిస్సే, 2015లో, మన సానియాకు జోడీ. నేను చెబుతానన్న ఒక్క మ్యాచ్ ఇదే. వింబుల్డన్ డబుల్స్ ఫైనల్, ఎదుట రష్యా జంట మకరోవా, వెస్నినా. మొదటి సెట్ పోయింది. రెండోది టై బ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్‌లో సానియా, హింగిస్ 2-5 వెనకబడ్డారు. అక్కడి నుంచి 5-5. చీకటి పడుతుంటే ఆట ఆపి పైకప్పు మూశారు. మళ్ళీ మొదలుపెట్టి 7-5తో గెలిచారు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆ రోజు ఆగిపోయినవాళ్ళు అవతలివాళ్ళు. ఇంతకు ముందు చెప్పిన నియమం ఉంది చూశారూ, గడియారం లేకపోవడం, అది ఒకరికి శాపమైన చోటే ఇంకొకరికి వరం. సానియా 2023లో ఆట నుంచి తప్పుకుంది. ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్‌లో మూడు.

యానా 1999లో రిటైరైంది. 2005లో ఇంటర్నేషనల్ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది. అక్కడితో ముగిస్తే ఇది గెలుపు కథ అవుతుంది. కానీ ముగియలేదు.

ముందు మండ్లికోవా గురించి ఒక మాట. యానా కోచ్ అని చెప్పాను కదా. ఆమె స్వయంగా నాలుగు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళు గెలిచిన మనిషి. కానీ వింబుల్డన్ మాత్రం రాలేదు. 1981లో, 1986లో రెండుసార్లు ఫైనల్ ఆడి, రెండుసార్లూ ఓడిపోయింది. అంటే 1993లోను, 1997లోను స్టాండ్‌లో కూర్చుని శిష్యురాలి ఓటమి చూసినప్పుడు, ఆ మెట్టు ఎలా ఉంటుందో ఆమె కాళ్ళకు తెలుసు. తాను ఎక్కలేని మెట్టు మీదికి శిష్యురాలిని ఎక్కించింది. మన సంగీతంలో, నాట్యంలో గురుపరంపర గురించి గొప్పగా చెప్పుకుంటాం. ఆటల్లోనూ అది ఉంటుంది, మనమే గమనించం.

2014లో అదే బ్ర్నో నగరంలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె, జూనియర్ స్థాయి ముగించి, ముందు ఏమి చెయ్యాలో తోచక ఒక ఉత్తరం రాసుకుంది. ఆ ఉత్తరం పట్టుకుని యానా ఇంటి తలుపు తట్టింది. ఆ అమ్మాయి పేరు బార్బొరా క్రెజికోవా. యానా తలుపు తీసింది. నేర్పడానికి ఒప్పుకుంది. ఊరికే ఒప్పుకోవడం కాదు, ఆమెతో పాటు తిరిగింది, నేర్పింది. ఆ తరువాత కేన్సర్ వచ్చింది. 2017 నవంబర్ 19న యానా చనిపోయింది. నలభై తొమ్మిదేళ్ళు. చివరి రోజుల్లో కూడా బార్బొరా ఆమె దగ్గర ఉంది. ఆటను ఆనందించు, ఒక గ్రాండ్‌స్లామ్ గెలవడానికి ప్రయత్నించు అని యానా తనతో అన్నట్లు ఆ అమ్మాయి తరువాత చెప్పుకుంది.

2021లో బార్బొరా ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. సింగిల్స్, మర్నాడే డబుల్స్ కూడా. గురువు పేరు చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. 2024 జులైలో వింబుల్డన్ ఫైనల్ చేరింది. 31వ సీడు, అంటే పోటీకి ముందు వేసిన వరుసలో 31వ స్థానం. ఎదుట ఇటలీకి చెందిన జాస్మిన్ పావొలీనీ. మూడో సెట్‌లో 5-4, బార్బొరా సర్వీసు. నేను ఇదే ఊళ్ళో, ఇప్పుడున్న మా ఇంట్లో చూస్తున్నాను. మా పెద్దమ్మ లేదు. గేమ్ సాగుతోంది. ఒక మ్యాచ్ పాయింటు పోయింది. రెండోది పోయింది. గేమ్ ఎటు పోతుందో తెలియని స్థితి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి సాయంత్రం మళ్ళీ గదిలోకి వచ్చి కూర్చున్నట్లు అనిపించింది. మూడో మ్యాచ్ పాయింటు. పావొలీనీ కొట్టిన బంతి బయట పడింది.

మ్యాచ్ తరువాత ఆ అమ్మాయిని లోపల విజేతల పేర్లు రాసిన బోర్డు దగ్గరికి తీసుకెళ్ళారు. అన్నీ బంగారు రంగు అక్షరాలు. అప్పుడే కొత్తగా రాసిన తన పేరు, 2024 పక్కన. చూపు పైకి వెళ్ళింది, 1998 దగ్గర ఆగింది. అక్కడ యానా పేరు. ఒకే బోర్డు మీద ఇద్దరూ. బార్బొరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కెమెరా అక్కడే ఉంది. దాచుకోవాలని చూడలేదు.

అమ్మాయిలూ, మీలో కొందరు పొద్దున ఓడిపోయారు. ఒకరు ఆధిక్యంలో ఉండి ఓడిపోయారని మీ పీడీ మేడం నాతో చెప్పారు. పేరు చెప్పను. ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుందో కూడా చూడను. నేను ఉద్యోగంలో ఉన్న ఇన్నేళ్ళలో ఏ పిల్లకూ ముఖం కడుక్కుని రమ్మని చెప్పలేదు. పక్కన కూర్చున్నాను. చాలాసార్లు ఏమి మాట్లాడాలో తెలియక ఊరికే కూర్చున్నాను. అది సరిపోయిందో లేదో ఆ పిల్లలే చెప్పాలి.

నాలుగు దాటింది, ఎండ తగ్గింది. ఇందాక వస్తూ చూశాను, కోర్టు తడిపి ఉంచారు. ఒక బుట్టలో బంతులు తెప్పించాను. టెన్నిస్ ఆడేవాళ్ళు నాతో రండి. అందరం రెండో సర్వీసులే చేద్దాం. ఒక్కొక్కరు పది. ఎన్ని బయట పడ్డా సరే, చెయ్యి మాత్రం నెమ్మదించకూడదు. ఆధిక్యంలో ఉండి ఓడిన అమ్మాయి రావాలనిపిస్తే మొదటి బంతి తనది.